నేను వదలని కన్నం

లేసంటే దారమనుకుంటారు చూసేవాళ్ళు.
కాదు, కన్నాలు.
ఎక్కడ ఎంత ఖాళీ వదలాలో
కొక్కెపు సూదికి తెలిస్తేనే పువ్వు పువ్వులా పడుతుంది.
ఇరవై రెండేళ్ళుగా అదే నా లెక్క:
ఆరు గొలుసులు, ఒక ఖాళీ, మళ్ళీ ఆరు.

మా ఇంట్లో ఫోను ఒక్కటే.
పొద్దున్న మామగారిది, రొయ్య ధర చూడ్డానికి,
ముప్ఫై కౌంటుకి ఎంత, వందకి ఎంత.
మధ్యాహ్నం నాది, నరసాపురం ఏజెంటు పంపే
డిజైను బొమ్మల కోసం.
బడి వదిలాక నోబుల్‌గాడిది.
రాత్రి మా ఆయన గుండెల మీద
వెలుగుతూనే నిద్రపోతుంది.

ఆ రాత్రి దాన్ని మెల్లగా తీసుకుని
దొడ్లోకి వెళ్ళాను.
కొబ్బరి మట్ట కదలడం లేదు.
కాలవ అవతల చెరువులో ఏరేటర్లు మాత్రం
టపటపా నీళ్ళు కొడుతున్నాయి.
ఆ చప్పుడు చాటున,
ఫోను నోటికి ఆనించి,
తోడికోడలు సువార్తకి కూడా చెప్పని మాట అడిగాను.
రొమ్ములో గింజలాగా తగుల్తోంది,
నొప్పి లేదు, ఏమై ఉంటుంది?
రాయడం రాక కాదు. వేళ్ళు వణికాయి.

అది ఏదో చెప్పింది. సగం చదివి ఆపేశాను.
అడిగిన ప్రశ్న చెరిపేశాను,
పలక మీద ఉమ్మేసి తుడిచినట్టు.
అంతే అనుకున్నాను.

నాలుగో రోజు, భోజనాల వేళ.
నోబుల్‌గాడి పిల్లి ఎలక వెంట పడుతూ పడుతూ
ఠక్కున ఆగింది.
తెల్లకోటు ఆవిడ. గులాబీ రిబ్బను. ఏదో ఆసుపత్రి.
వాడికి కొత్తగా చదవడం వచ్చిన సంబరం.
వేలు పెట్టి కూడబలుక్కుంటున్నాడు:
"రొ... మ్ము... లో... గ... డ్డ... ఉం... దా?"
మామగారు చారు గిన్నె దించి గోడకేసి చూశారు.
మా ఆయన నాకేసి.

సాయంత్రం డిజైను బొమ్మల మధ్య అదే ఆవిడ.
మర్నాడు రొయ్య ధరల కింద అదే ఆవిడ,
ఈసారి బీమా పాలసీ పట్టుకుని.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.
గింజ మీద కాదు.
ఆ మాట నాది.
ఎవరికి, ఎప్పుడు, ఎంత మెల్లగా చెప్పాలో
పోగు పోగుగా అల్లుకుంటున్నాను.
నేను వదలని చోట కన్నం పెట్టిందెవరు?
గోడలకి చెవులుంటాయని మా అమ్మ చెప్పింది.
ఆ చెవులు విన్నది అమ్ముకుంటాయని చెప్పలేదు.

లేసులో తప్పు పడితే విప్పుతాం.
విప్పలేనంత దూరం పోతే
చుట్టూ ఇంకో పది తప్పులు వేసి
అదే డిజైను అనిపిస్తాం.
మళ్ళీ దొడ్లోకెళ్ళి అడిగాను:
ఒంటెకి జ్వరమొస్తే ఏం పెట్టాలి?
బట్టతలకి గుర్రపు నూనె మంచిదేనా?
ఓడ అద్దెకి దొరుకుతుందా, నెలకెంత?
సిమ్లాలో ఉన్నిటోపీల కొట్టుకి లోనిస్తారా?
నవ్వొచ్చింది. నోరు కొంగుతో మూసుకున్నాను.

వారం తిరక్కుండా
మామగారి రొయ్య ధరల కింద ఒంటె తిరుగుతోంది.
"ఇదేంటమ్మాయ్," అన్నారు,
అన్నాళ్ళకి నా మొహం చూసి.
"ఫోనుకి పిచ్చెక్కిందండి," అన్నాను.

సోమవారం పంటు ఎక్కాం, నేనూ ఆయనా.
ఫోను ఇంటి దగ్గర, బియ్యం డబ్బాలో.
ఆసుపత్రి కౌంటరు పిల్ల నంబరు అడిగింది.
తొమ్మిది అంకెలు నిజం చెప్పి
పదోది నా ఇష్టమొచ్చింది చెప్పాను.
ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టి
లోపలికి ఒక్కదాన్నే వెళ్ళాను.

తిరుగు పంటులో, వశిష్ఠ నడిమధ్యన,
ఇంజను హోరులో ఆయన చెవి దగ్గరకి వంగి
డాక్టరమ్మ అన్న మాట చెప్పాను.
పక్కన స్కూటరు మీదున్నాయన వినలేదు.
ఏరు విన్నదేమో.
విని, దాని దారిన అది సముద్రంలోకి పోయింది.

ఏమన్నదని అడక్కండి.
ఇంతసేపూ ఇంత చెప్పాను కదా,
ఇక్కడ ఆరు గొలుసులు వేసి
ఒక ఖాళీ వదులుతున్నాను.