గుండీల ఓటు

సంఘం పెట్టుకోకూడదని చట్టం వాళ్లకుంది,
మనకు లేదు కదా,
అంది జెసింత,
ఆరో బ్లాకు మేడ మీద తడి ఖాకీ చొక్కా దులుపుతూ.

తీగ మీద అప్పటికే
పదిమంది మగవాళ్లు భుజాలు జార్చేసి
నీళ్లోడుతున్నారు.

మైసూరు రోడ్డు పక్క మా క్వార్టర్లు.
గోడల్లో చెమ్మ, కప్పు నుంచి పెచ్చులు.
మనిషి ఇంట్లో ఉన్నాడో లేడో
గుమ్మంలో బూట్లు చూసి చెప్పాలి.
మా తిమ్మరాయప్పకి వారానికో రోజు సెలవు,
కాగితం మీద.
ఆ కాగితం ఏ బందోబస్తుకి పోయిందో
ఇంకా ఇల్లు చేరలేదు.

పోయిన నెల వాళ్లే కూడబలుక్కున్నారు,
అందరం ఒకే రోజు సెలవు చీటీ పెడదామని.
చీటీయే. కర్ర కాదు, రాయి కాదు.
మర్నాటికి ఇద్దరికి మెమోలు,
ఒకాయనకి బీదరు.
మిగతావాళ్లు టీ కొట్టు దగ్గర
వాన గురించి మాట్లాడటం నేర్చుకున్నారు.

అందుకే మేం చేరాం,
వడియాలు ఎండే చోట, నలభై ఒక్క మందిమి,
చంకల్లో పిల్లల్ని లెక్కపెట్టకుండా.
పెద్ద ఆఫీసులో కూర్చుని అడిగే నోరు ఎవరిది?
అదొక్కటే తేలాలి.

నాగవేణి అన్నారు కొందరు.
చిట్టీలు నడుపుతుంది, పైసా తేడా రాదు,
ఓవర్‌టైము గంటలు
నిద్రలో లేపినా ఒప్పజెబుతుంది.
షాహీన్ తాజ్ అన్నారు ఇంకొందరు.
సిగ్నలు దగ్గర లారీ ఆయన్ని తీసుకుపోయి రెండేళ్లు.
ఇల్లు ఖాళీ చెయ్యమన్న నోటీసు
మూడుసార్లొచ్చింది, మూడుసార్లూ
వచ్చిన దారినే పోయింది.

"ఆమె ఇప్పుడు పోలీసు భార్య కాదు కదా"
ఎవరన్నారో తెలీదు.
తీగ మీద బట్టలు కూడా ఆగాయి.
షాహీన్ మాత్రం చాప చివర మడత సరిచేసి,
"అవును, అందుకే నన్ను బదిలీ చెయ్యలేరు" అంది.

యశోదమ్మ హార్లిక్సు సీసా తెచ్చింది.
పందొమ్మిదేళ్ల ఉతుకుల్లో రాలిన గుండీలు.
తలా ఒకటి.
రెండు కుక్కర్లు, రెండిటికీ విజిల్ లేదు.
మూత వారగా ఎత్తి, చెయ్యి లోపల పెట్టి,
ఏ చప్పుడూ రాకుండా.

మెట్ల మీద మా ఆయన.
రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడు
పైకి రావద్దంటే అక్కడే ఆగాడు,
మాకు వీపు పెట్టి, చేతులు వెనక కట్టుకుని.
పదకొండు ఎన్నికల పెట్టెలకు కాపలా కాసిన వీపు.
ఏం జరుగుతోందని అడగలేదు.
కింది నుంచి వస్తున్న ఏఎస్సైతో మటుకు
"పైన కుక్కర్లున్నాయి సార్, వేడి" అన్నాడు.

షాహీన్‌కి ఇరవై మూడు. నాగవేణికి పదిహేడు.
ఇంకొకటేదని యశోదమ్మ
కుక్కరు బోర్లించి తట్టింది.
నా పిడికిట్లో ఉందది,
చెమటకి జారుతూ.
బీదరు ఎంత దూరమో
ఆ మధ్యాహ్నమంతా లెక్కేశాను నేను.

ఓడిన నాగవేణి లెక్కల పుస్తకం
షాహీన్ సంచిలో పెట్టింది.
"నోరు నీది, అంకెలు నావి" అంది, కాస్త కోపంగానే.

సోమవారం ఆఫీసు గేటు దగ్గర
సెంట్రీ కుర్రాడు రిజిస్టరు తెరిచాడు.
ఏ సంఘం? పేరు రాయాలమ్మా.
మేం మొహాలు చూసుకున్నాం.
వెనక వరసలో నేనూ ఉన్నాను,
ఆ గుండీ కొంగున ముడేసుకుని.

షాహీన్ వాడి చొక్కా కేసి చూసింది.
పై నుంచి రెండోది ఊడి, పిన్నీసు పెట్టుంది.

"సంఘం కాదు నాయనా,
బట్టలు ఆరేసుకునేవాళ్లం, రాసుకో" అంది.
నేను ముడి విప్పాను.