పడవ పుస్తకం

చిలోయేలో వాన ఆగదు,
అలసిపోయి కాసేపు కూర్చుంటుంది.
అలా కూర్చున్న ఒక మంగళవారం రాత్రి
పదకొండు మందిమి గుడి వెనక గదిలో, పొయ్యి చుట్టూ.
తడిసిన ఉన్ని వాసన. ఎవరూ తాగని టీ.

ఫాదర్ అన్సెల్మో తన కుర్చీ కోసం వెతికాడు.
ఆ చేతుల కుర్చీని ఎర్మెలిందా
పొద్దున్నే బంగాళాదుంపల కొట్టంలో పడేసింది.
వలలల్లే ముసలాయన పక్కన, బల్ల చివర
ఇరుక్కుని కూర్చున్నాడాయన.
బానే ఉంది. కుర్చీ మారిస్తే సరిపోతుందా
అని నా లోపల ఎవరో గొణిగారు.

మా నాన్న ఈ గుడికి ఫిస్కాల్.
అంటే, తాళంచెవి మోసే మామూలు మనిషి.
ఫాదర్లు మూడు వారాలకోసారి పడవలో వచ్చేవారు;
మధ్యలో పోయినవాళ్ళకు జపమాల చెప్పిందీ,
పుట్టినవాళ్ళ నుదుట నీళ్ళు పోసిందీ ఆయనే.
పడవ కనబడగానే పిల్లలం రేవుకు పరుగు,
ఫాదర్ సంచి ఎవరు మొయ్యాలని.
ఆడపిల్లలకు ఆ భాగ్యం లేదు.
నేను ఏడ్చేదాన్ని.
ఇప్పుడా ఏడుపు గుర్తొస్తే
మంచినీళ్ళు కూడా గొంతు దిగవు.

"మోకరిస్తాను," అన్నాడు ఫాదర్ అన్సెల్మో,
"గుడి మధ్యలో, అందరి ముందూ."
గడప అవతలే నిలబడి ఉన్నాడు
ఎలియొదోరో చిగ్వాయ్. యాభై రెండేళ్ళు. పడవలు కడతాడు.
"మోకాళ్ళ మీదున్న మనుషుల్ని చాలామందిని చూశాను.
లేచాక ఏం చేస్తారో అది చెప్పండి."

స్తంభం పుచ్చితే స్తంభాన్ని మారుస్తాం గానీ
గుడిని కూల్చుకుంటామా, అన్నారెవరో.
అతను నవ్వలేదు.
"తను పుచ్చుతున్నట్టు చెక్కకు తెలీదు.
మీకు తెలుసు."
ఆ 'మీరు' మర్యాదది కాదు. బహువచనం.
గదంతా తిరిగి తిరిగి
నా ఒళ్ళో వచ్చి కూర్చుంది.

అప్పుడు తీశాను, శాలువా కిందనుంచి,
నాన్న పడవ పుస్తకం.
తేదీ, గాలి, పోటు, తెడ్డు వేసిందెవరు,
ఫాదర్ పెరెడా సంచి మోసిన పిల్లాడెవరు.
ఒక పేరు పక్కన చిన్న గీత.
ఇంకో పేరు పక్కన రెండు.
గీతలు గీసిన మనిషి నోరెత్తలేదు.
ముప్ఫై ఏళ్ళు ఇది నా పెట్టెలో, పెళ్ళి బట్టల కింద ఉంది.
నాకు చదవడం వచ్చు.

బిషప్ కార్యాలయం నుంచి ఉత్తరం:
అసలు పుస్తకం మాకు పంపగలరు.
ఫాదర్ రెండుసార్లు చదివి మడిచాడు.
"ముందు నకళ్ళు రాద్దాం."
ఆయన చదివాడు, నేను రాశాను;
నా కళ్ళు మసకబారాక నేను చదివాను, ఆయన రాశాడు.
ఘోరమైన దస్తూరీ. బడిపంతులమ్మని, ఊరుకోలేక దిద్దాను.
ఒక పేరు దగ్గర ఆయన లేచి
బయట వానలో నిలబడ్డాడు.
ఓదార్చడానికి వెళ్ళలేదు నేను.
ఆ రాత్రికి అది నా పని కాదు.

పద్నాలుగు పేర్లు. ఇద్దరు సముద్రంలో.
ఒకడు పుంతా అరేనాస్‌లో, ఫోనెత్తడు.
మిగతా ఇళ్ళకు ఇద్దరం నడిచాం,
ఆయన కాలరూ నా తాళంచెవీ లేకుండా.
ఒకచోట కుక్కను వదిలారు.
ఒకచోట ఆపిల్ చిచా పోసి
మేం లేచేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు.

పూజసామాను గది పాత తలుపును
ఎలియొదోరో బయటివైపు నుంచే ఊడదీశాడు.
కూలి తీసుకున్నాడు; ఊరికే చెయ్యనన్నాడు.
ఇప్పుడక్కడ అద్దం తలుపు.
చలి దూరుతోందని పాటగాళ్ళ ఫిర్యాదు.
పూజకు మాత్రం రాడు.
వస్తాడని నేను రాయను.

నిన్న పడవ వచ్చింది. రేవులో ఒక బుడ్డోడు,
ఎవరి అలవాటు ఎవరికి అంటిందో,
సంచి కోసం చెయ్యి చాపాడు.
ఫాదర్ దాన్ని రెండో భుజానికి మార్చుకుని
"నీ ఆట నువ్వాడుకో నాన్నా," అన్నాడు.
వాడు చిన్నబుచ్చుకున్నాడు, కాసేపు.

వాన లేచి నిలబడింది.