ఉప్పు పులిపిరి

మా సారెమా దీవి భాషలో దీని పేరు ఉప్పు పులిపిరి.
ఉప్పెందుకు చేరిందో ఎవరూ చెప్పరు.
సముద్రం మధ్య బతికేవాళ్ళం,
తెలియనివాటికి ముందు ఉప్పు తగిలించేస్తాం.

నా కుడిచేతికి ఏడు.
బొటనవేలి గోరు పక్కన పెద్దది,
ఎండిన కాలీఫ్లవర్ ముక్కలా పగుళ్ళు బారి.
మిగతా ఆరూ దాని చుట్టూ
పిలవని పేరంటానికొచ్చి కూర్చున్నాయి.

పందొమ్మిదేళ్ళుగా చేపల కర్మాగారంలో
రైమ్ చేపల కడుపులు చీలుస్తున్నాను.
చేతులెప్పుడూ తడి, చర్మం నాని తెల్లగా.
వారానికో గాటు,
గాటు మీద ప్లాస్టరు, దాని మీద తొడుగు,
తొడుగు మీద మళ్ళీ చేప.
కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ
నా విషయంలో
కత్తే తలుపు తీసింది.

చిన్నప్పుడు మోకాలి మీద ఒకటి లేస్తే
లీని అవ్వ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి
తరిగే చంద్రుడి కింద
పందికొవ్వు ముక్కతో రుద్ది
ఆ ముక్కని రాయి కింద పాతింది.
"నువ్వు తరిగినట్టే ఇదీ తరగాలి" అంది పైకి చూసి,
అప్పు వసూలుకొచ్చినదాని గొంతుతో.
చలికాలం పోయేసరికి పులిపిరీ పోయింది.
నలభై ఐదేళ్ళు
చంద్రుడికి రుణపడి ఉన్నాను.

ఈసారి చంద్రుడు పట్టించుకోలేదు.
మందుల షాపు ద్రావకం
పులిపిరిని వదిలేసి పక్క చర్మాన్ని కాల్చింది.
ఒక రాత్రి బ్లేడుతో కోశాను. ఆ తెలివికి ఫలితం:
ఒకటి మూడయింది.

జూన్ పండగ రాత్రి మంట చుట్టూ
ఊరంతా చేతులు కలిపి తిరుగుతుంటే
నేను కాఫీ కుండ దగ్గర, జేబుల్లో చేతులతో.
మెల్లికా మనవడు, ఆరేళ్ళవాడు,
నన్ను ఎగాదిగా చూసి అడిగాడు:
"ఉర్వె, నీకు చేతులు లేవా?"

సోమవారం కురెస్సారె ఆసుపత్రికి ఫోన్ చేశాను.

డాక్టర్ కైడి నా కూతురికన్నా చిన్నది.
పైపొరని సన్నగా చెక్కింది.
లోపల నల్లటి చుక్కలు.
"విత్తనాలా?"
"కాదు, మీ రక్తమే. సన్న నాళాల్లో గడ్డకట్టింది.
దీనికి వేర్లు లేవు. పై చర్మంలోనే కాపురం.
ఒక వైరస్ గాటులోంచి దూరి
పెరుగు, ఇంకా పెరుగు అని చర్మానికి నూరిపోసింది.
మీ ఒంటి కాపలావాళ్ళు దాన్నింకా చూడలేదు."

"మరి నా మోకాలిది?"
"పిల్లలకి చాలావరకు వాటంతటవే పోతాయి."
కాస్త ఆగి, "మీ అవ్వ మంచి నెల చూసుకుంది" అంది.
చంద్రుడి మీద కోపం రాలేదు నాకు.
అంత పందికొవ్వు,
ఆ కరువు రోజుల్లో.

స్టీలు ఫ్లాస్కు మూత తీస్తే తెల్లటి పొగ.
చలి నాకు కొత్తా? జనవరిలో ఐసులో చేతులు పెట్టి
కూతురి చదువు గట్టెక్కించినదాన్ని.
కానీ ఇది వేరే.
నిప్పే పేరు మార్చుకుని వచ్చింది.
ఆమె అంకెలు లెక్కబెడుతోంది,
నేను కిటికీలోంచి పార్కింగులో కార్లు లెక్కబెట్టాను.
తొమ్మిది. పదోదానికి కన్నీళ్ళు అడ్డమొచ్చాయి.

మర్నాడు నల్లద్రాక్షంత బొబ్బ.
"గిల్లొద్దు, కప్పి ఉంచండి, మూడు వారాలకి రండి,
ఒక్కసారితో పోతుందని మాటివ్వలేను" అని ముందే చెప్పింది.
మాటివ్వని మనిషిని నమ్మడం
నాకు సులువైంది ఎందుకో.

మూడుసార్లు బస్సెక్కాను.
ఒకటి చేతితొడుగులోనే రాలింది.
తిరగేసి దులిపితే
అదేదో, చేప పొలుసేదో తేల్చుకోలేక
రెండిటినీ చెత్తబుట్టలో వేశాను.

ఆరు పోయాయి. పెద్దది మొండికేసింది.
వచ్చే మంగళవారం మళ్ళీ, ఏడూ నలభై బస్సుకి.

ఈ రాత్రి ఆరేసిన బట్టలు తీస్తుంటే
పైన సగం చంద్రుడు.
చుట్టూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని
బొటనవేలు ఎత్తి చూపించాను,
ఎందుకైనా మంచిదని.