వెనకాముందూ

మూడోచేతి వ్యాను. ఎర్రది కాదు, ఎరుపు వెలిసిపోయినది.
కెమి పట్నంలో అమ్మేవాడు మీట నొక్కి
మధ్య వరస సీట్లని గిర్రున వెనక్కి తిప్పాడు.
"మధ్యలో బల్ల కూడా వేసుకోవచ్చు,
పిల్లలూ పెద్దలూ ఎదురెదురుగా, ఇంట్లో ఉన్నట్టే!"
వెయ్కో అప్పటికే కొనేశాడు, కళ్ళతో.

నేను ఎముకల వార్డులో నర్సుని.
బండి ఎంత జోరుగా పోతుందని అడగను,
అది ఆగినప్పుడు లోపల ఏవి ఆగవో అడుగుతాను.

"ఎదురుగా వచ్చి గుద్దితే?"
వెనక్కి తిరిగినవాళ్ళని వీపంతా సీటే పట్టుకుంటుంది,
అరచెయ్యి కోడిగుడ్డుని పట్టుకున్నట్టు,
మెడా తలా వెన్నూ అన్నీ ఒక్కసారే ఆగుతాయి.
"మరి వెనకనించి గుద్దితే?"
అతను కొత్త టైర్ల సంగతి ఎత్తుకున్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి.
ఎటు తిప్పి కూర్చోబెట్టను నా ఇద్దర్నీ?

ఆ రాత్రి వంటింట్లో
ఖాళీ అగ్గిపెట్టెలో రెండు బఠాణీలు వేసి
గోడకేసి కొట్టి చూశాను. నవ్వకండి.
వెయ్కో నవ్వాడు. నవ్వి, తనూ రెండుసార్లు కొట్టి చూశాడు.
మా దారి ఇరుకు, లారీలు ఎదురుగానే వస్తాయి,
దుప్పులు ఎదురుగానే దూకుతాయి,
సరే, వెనక్కే కూర్చోండి నాయనలారా
అనుకుని దీపం ఆర్పాక
మళ్ళీ లేచి కూర్చున్నాను.

డిక్కీ!
ఇప్పుడు వాళ్ళ ముఖాలకి ఎదురుగా ఉన్నది డిక్కీ.
స్కేట్లు, ఉక్కు ఫ్లాస్కు, అడవిపళ్ళ జాం సీసాలు,
వెయ్కో చెట్లు కోసే రంపం.
తెల్లారేసరికి అన్నిటి మీదా వల బిగించాను,
రంపాన్ని ఇంట్లోంచి కదలనివ్వలేదు.

వల వెయ్యలేనిది ఒక్కటే మిగిలింది.
మా అత్త ఔనె. చివరి వరస ఆవిడది.
మనవల ముఖాలు చూస్తూ కూర్చోవచ్చని
ఆ బండిని ఆశీర్వదించింది కూడా.
బెల్టు మాత్రం పెట్టుకోదు, ఊపిరాడదట.
ఎనభై రెండు కిలోలు, నేనే తూచాను.
ఎనభై రెండు కిలోల ప్రేమ
ఏ కట్టూ లేకుండా,
ఒళ్ళో యాలకుల బన్నుల పొట్లంతో
నా పిల్లల మోకాళ్ళకి మూరెడు దూరంలో.

చెప్పాను. మా ఆయన చేత చెప్పించాను.
"నేను యుద్ధాన్ని చూసిన మనిషిని" అంది.
ఆ మాటకి మా ఇంట్లో జవాబు లేదు.

నవంబరు. మధ్యాహ్నం మూడింటికే చీకటి.
కొలారి దారిలో మంచు అద్దంలా పరుచుకుంది.
నా ముందరి అద్దంలో పిల్లల ముఖాలు లేవు,
సీట్ల పైన రెండు ఊలు టోపీల కుచ్చులు, అంతే.
వాటినే చూస్తున్నాను
బ్రేకు పడినప్పుడు.

రెయిన్‌డీరు. కాళ్ళు జారి మా ఎదుటే కూలబడింది.
వెయ్కో ఎటు తిప్పాడో వెయ్కోకే తెలీదు,
బండి వాలి, ఊగి, దాని పక్కనించి జారిపోయి
చాలా దూరం పోయి ఆగింది.

వెనక్కి తిరిగాను.
కుచ్చులు రెండూ ఉన్నాయి.
బన్నులు బండంతా.
అత్త కళ్ళజోడు ఆము ఒళ్ళో.
అత్త మోకాళ్ళ మీద,
రెండు చేతులూ రెండు సీట్ల అంచులకి ఆనించి
పిల్లలని తాకకుండా తనని తానే ఆపుకుని ఉంది,
ముఖంలో ఎన్నడూ చూడని భయం.
వాళ్ళకేమవుతుందోనని కాదు.
వాళ్ళకి తనేమవుతుందోనని.

ఎవరం మాట్లాడలేదు.
లేచి, సీటులో సర్దుకుని,
పొట్ట మీదుగా పట్టీ లాక్కుంది.
టిక్.

ముందు కూర్చున్న మా ఇద్దరికీ
ఆ జంతువు అక్కడితో అయిపోయింది.
వెయ్కో స్టీరింగు మీద నుదురు పెట్టాడు.
అప్పుడు సులో అన్నాడు,
నోట్లో బన్నుతో, వెనక అద్దంలోకి చూస్తూ:
"లేచి నిలబడింది, అమ్మా.
మన వైపే చూస్తోంది."