పన్నెండోది

కత్తికీ అతని మెడకీ మధ్య
నా గొంతు ఒక్కటే అడ్డం.
చర్మం మొద్దుబారడానికి రవ్వంత మందు ఉందనుకోండి,
మిగతా బరువంతా మాట మీదే.

లియేజ్ ఆసుపత్రిలో పదిహేడేళ్లుగా ఇదే నా ఉద్యోగం:
మనిషిని నిద్రపుచ్చకుండానే
బల్ల మీంచి కాస్త పక్కకి తీసుకుపోవడం.
హిప్నాసిస్ అనగానే
జేబులోంచి గొలుసు గడియారం తీస్తాననుకుంటారు.
నా జేబులో దగ్గుబిళ్లలు తప్ప ఏమీ ఉండవు.

ఎక్కడికి వెళ్దాం, అని ముందురోజే అడుగుతాను.
చాలామంది సముద్రమంటారు.
ఒకావిడ, అత్తగారు లేని వంటింటికి, అంది.
ఆర్సెన్ పిరార్
ముప్పయ్యొక్కేళ్లు ఉక్కు కొలిమి ముందు నిలబడ్డ మనిషి
టోపీ చేతుల్లో నలుపుతూ అన్నాడు:
"మా అటక మీద పావురాల గూటికి.
ఆదివారం. పందెం రోజు.
రెట్టల వాసన మర్చిపోకు."

మర్చిపోలేదు.
నిచ్చెన ఎక్కండి ఆర్సెన్, ఏడో మెట్టు కిర్రుమంటుంది,
కిటికీ తెరవండి, కింద మ్యూజ్ నది బూడిదరంగులో ఉంది,
ఐదొందల కిలోమీటర్ల అవతల, ఫ్రాన్సులో ఎక్కడో,
తెల్లారుతూనే లారీ తలుపులు తీసేశారు,
అవి బయల్దేరాయి.

మా పనిలో నొప్పి అన్న మాట అంటరాదు.
డాక్టరు పళ్లెంలో పట్టకారు పడేస్తే
అది గింజల డబ్బా గలగల అన్నాను.
"ఇప్పుడే ఆడించకు," గొణిగాడు మూసిన రెప్పలతో,
"ఇంకా ఒక్కటీ రాలేదు."

తరవాత వచ్చాయి.
అతని చూపుడువేలు దుప్పటి మీద
ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టింది.
పదకొండు.
వేలు ఆగింది. నుదురు ముడిపడింది.
తెర మీద గుండె అంకెలు మెట్లెక్కుతున్నాయి,
మత్తు డాక్టరు నా వైపు చూస్తున్నాడు.

వచ్చేసిందని ఒక్క మాట అనొచ్చు.
గాల్లోంచి పావురాన్ని తీయడం నాకెంతసేపు?
నోరు తెరిచాక వేరే మాట వచ్చింది:
"కిటికీ అలాగే ఉంచుదామా?"
చాలాసేపటికి
ఊపిరి వదిలాడు.

అక్రోటు కాయంత గడ్డ సీసాలోకి పోయింది.
సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పాడు,
అదొక నీలి ఆడపావురం, తొంభై నాలుగులో ఎగిరింది.
"ఇవాళా రాలేదు.
కానీ తిట్టుకోకుండా ఎదురుచూడటం
ఇదే మొదటిసారి."
ఇంకో బిస్కెట్టు అడిగాడు.

ఊరందరికీ పనిచేసే నా గొంతు
రాత్రి మూడింటికి నాకు పనిచెయ్యదు.
అందుకే గురువారాలు ఫైర్ స్టేషన్ మేడ మీద యోగా.
వివీనా తన ఫ్లెమిష్ యాసలో లెక్క చెబుతుంది,
పీల్చండి నాలుగు, వదలండి ఆరు,
మనసుని ఖాళీ చెయ్యండి.
నా మనసు ఆఖరి బస్సు,
ఖాళీ చేసేకొద్దీ జనం ఎక్కుతారు,
అందరికంటే వెనక సీట్లో మా చెల్లెలు సొలాంజ్,
నా ఫోనెత్తడం మానేసి నాలుగేళ్లు.

చివర్లో శవాసనం.
ఆ మాటకి అర్థం వివీనా ఎప్పుడూ చెప్పలేదు,
నేనే నిఘంటువులో చూసుకున్నాను.
ఆసుపత్రి మనిషిని, నాకేం భయం?
పక్క చాప మీద బేకరీ ఆయన గుర్రుపెడుతున్నాడు.
నేను నిచ్చెన ఎక్కాను.
కిర్రుమన్నది మెట్టు కాదు, నా మోకాలు.
ఎవరిదో అటక, ఎవరివో గింజలు,
ఆ ఆకాశం మాత్రం కాసేపు అరువిచ్చారు.
డబ్బా చేతిలోనే ఉంది. ఆడించలేదు.

అంతలో కింద సైరన్ మోగింది.
అందరూ ఉలిక్కిపడి లేచారు,
బేకరీ ఆయన చెప్పులు తడుముకున్నాడు.
నేను లేవడానికి
కొంచెం ఆలస్యమైంది.