కప్పు అడుగున గుర్తు

లాంగ్‌టన్‌లో ఎవరింటికి వెళ్ళినా
టీ తాగేశాక కప్పు తిరగేసి చూస్తారు.
మర్యాద తప్పడం కాదు, ఊరి అలవాటు.
ఏ బట్టీలో కాలింది, ఎవరి చేయి రంగు వేసింది,
అడుగున చిన్న ముద్ర చెప్తుంది.

నలభై మూడో నంబరు బస్సు తీసేస్తామన్నారు.
రాత్రి పదిన్నరది, ఆసుపత్రి మీదుగా పోయేది,
వృద్ధాశ్రమంలో డ్యూటీకి నేనెక్కేది.
చర్చి వెనక, హీటరు పనిచేయని గదిలో
పదకొండు మందిమి కోట్లు విప్పకుండా కూర్చున్నాం.

పదకొండు మంది మాట ఎవడు వింటాడు?
ఆ రాత్రే ఫోన్‌లో ఏఐని అడిగాను.
టీ కాగేలోపు మూడు వందల ఉత్తరాలు.
అందులో ఒకావిడ, ఎనభై నాలుగేళ్ళ ఈడిత్,
బస్సు రాక, స్టాపులో మంచు మీద జారి
తుంటి విరగ్గొట్టుకుంది.
చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి.
ఈడిత్ అనే మనిషి లేదు.
కాస్త ఏడిపించేలా రాయమన్నది నేనే.

పై వారం కట్ట పట్టుకెళ్ళాను, గెలిచినదానిలా.
మొరీన్ టాటన్‌ది
పదిహేనో ఏట నుంచీ పింగాణీ మీద గులాబీలు దిద్దిన చేయి.
ఒక ఉత్తరం చదివింది. ఇంకోటి చదివింది.
తర్వాత కాగితం తిరగేసి
వెనక వైపు వెతికింది, కప్పుని చూసినట్టే.
"ఇది ఎవరు చేశారమ్మా?"

అచ్చుగుద్దినట్టు మూడు వందల దుఃఖాలు.
ఒక్కదానికీ ముద్ర లేదు.
"ఒక్క ఈడిత్ దొరికిపోతే చాలు," అన్నాడు జరీఫ్,
"నిజంగా పడ్డ మా అమ్మనీ నమ్మరు."

చించడం తేలికే.
ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

అయినా ఫోన్‌ని బయటికి గెంటలేదు.
కౌన్సిల్ నివేదిక రెండు వందల పన్నెండు పేజీలు.
మాలో కొందరికి అంత తీరిక లేదు,
కొందరికి అంత ఇంగ్లీషు లేదు.
చదివి పెట్టమన్నాం. చదివింది.
ప్రయాణికుల లెక్క బడి సెలవుల్లో
మధ్యాహ్నం పూట తీశారని పట్టుకుంది.
ఎనభై ఏడో పేజీ అంది.
ఎనభై ఏడో పేజీలో సైకిల్ స్టాండు బొమ్మ ఉంది.
జరీఫ్ రెండు రాత్రులు
వరుస వరుసకీ వేలు పెట్టి గాలించాడు:
నూట నలభై ఒకటి. ఉంది. నిజమే.

టెస్ఫాయ్ పేరు మాత్రం దానికి చెప్పలేదు.
అతని కాగితాలు ఇంకా ఏదో ఆఫీసులో నిద్రపోతున్నాయి.
ఎక్కడ ఎక్కుతాడో, ఎక్కడ దిగుతాడో
ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి తెలుసు, చాలు.
చెప్పిన మాట ఎటు పోతుందో తెలీని చోట
మన గుట్టు పెట్టుకోవచ్చేమో గానీ
ఇంకొకరి గుట్టు పెట్టకూడదు.

పదకొండు ఉత్తరాలు చేత్తో రాశాం.
నాది: బస్సు లేకపోతే నలభై నిమిషాలు నడవాలి.
ఆరో గది ఆయనకి మందు ఆలస్యమవుతుంది.
నేనొచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడే ఉంటారు.
స్పెల్లింగులు రెండు తప్పట. దిద్దించలేదు.

పైన పెట్టిన కాగితం చివర ఒక మాట చేర్చాం:
నివేదిక చదవడానికి యంత్రం సాయం తీసుకున్నాం.
మేం చూపించిన ప్రతి పేజీ మా కళ్ళతో సరిచూశాం.
తప్పులుంటే మావి.
కింద సంతకాలు.
వద్దులే అన్నాం టెస్ఫాయ్‌తో.
కలం లాక్కున్నాడు. పూర్తి పేరు రాశాడు,
తండ్రి పేరుతో సహా.
మొరీన్ సంతకం చేయలేదు.
యాభై ఏళ్ళు కప్పుల అడుగున పెట్టిన గుర్తే పెట్టింది,
ఒక చుక్క, దానికో చిన్న తోక.

ఓటింగు వచ్చే గురువారం.
ఇవాళ్టికి బస్సు ఉంది, ఏడు నిమిషాలు లేటు.
ఎక్కి కూర్చుని, కిటికీ మీద పట్టిన ఆవిరిలో
వేలితో ఆ గుర్తు గీద్దామని చూశాను.
చుక్క వచ్చింది.
తోక నాకు రాలేదు.