వెలి

లోపలికి వెళ్ళాలంటే రెండుసార్లు స్నానం.
ఉంగరం తీసెయ్యాలి, బయటి బూట్లు బయటే.
ముప్పై ఏళ్ళు గొర్రెల పాకలో పెరిగినదాన్ని, ఐల్సా టల్లక్‌ని,
పందికి మైల అంటకుండా నేను మడి కట్టుకోవడమేమిటని
మొదటి వారమంతా ఒకటే నవ్వు.

ఈ పందుల ముత్తవ్వల్ని
ఇంకా దక్షిణాన, మంచుగాలి దీవిలో
ఎవరో ఓడవాళ్ళు వదిలి వెళ్ళారట,
ఏనాటికైనా ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడు
ఆకలితో చావకూడదని.
ఆ తర్వాత ఏ మందతోనూ కలవలేదు,
లోకంలో రోగాలు చాలావాటికి వీటి అడ్రసు తెలీదు.
అందుకే ఇన్వర్‌కార్గిల్ శివార్లో ఇప్పుడు వీటికి
వడగట్టిన గాలి, వేడినీళ్ళతో కడిగిన గచ్చు.

ఏడు రోజుల పిల్లని తీసుకెళ్తారు.
తల్లి, పద్నాలుగో నెంబరు, నా చేతులు వాసన చూస్తుంది.
సబ్బు తప్ప ఏమీ దొరకదు.

పిల్ల క్లోమంలోంచి
ఆవగింజలో పదో వంతైనా లేని కణాల గుత్తులు.
ఒక్కో గుత్తికీ సముద్రపు నాచు బంకతో గూడు.
గూటికి రంధ్రాలుంటాయి:
చక్కెర దూరుతుంది, ఇన్సులిన్ బయటికొస్తుంది,
కాపలా కణాలు మాత్రం పట్టవు.
మనిషి నెత్తురు సంగతి తెలిసిందేగా,
కొత్త మొహం కనబడితే
ముందు ఇంటిపేరు అడుగుతుంది.

ఇహాయా బ్లఫ్ రేవులో ఆల్చిప్పల పడవ నడుపుతాడు.
పన్నెండో ఏటి నుంచీ సూదులే.
అర్ధరాత్రి చక్కెర పడిపోయి చెమటలో మునిగితే
భార్య కోరా చిగుళ్ళకు తేనె రాసేది.
నేనతన్ని కలవకూడదు. కలిశాను.
పరాయి రేణువు చుట్టూ ముత్యం... అని నేను మొదలుపెట్టగానే
చెయ్యెత్తి ఆపాడు:
"మా ఆల్చిప్పలు ముత్యాలు కట్టవు. తినడానికే."

పొట్టలోకి గూళ్ళు వదిలాక, వాళ్ళ పెద్దల ఇంట్లో,
నా కొండ ఇది, నా నీరు ఇది, నా పడవ ఇది అని
నిలబడి తరాలు చెప్పుకునే చోట
ఒక్క క్షణం ఆగి
"మంచుగాలి దీవి నుంచి కూడా ఒకరు నాతో ఉన్నారు" అన్నాడట.
మేనత్త తలెత్తి చూసింది. కాదనలేదు. ఔననీ అనలేదు.

ఎనిమిది నెలలు సూదులు సగం.
తేనె సీసా అలమరలో పై అరకు ఎక్కింది.

తర్వాత అంకెలు మళ్ళీ పెరిగాయి.
చిన్న కన్నం పెట్టి కెమెరాతో చూశారు.
గూడు ఒక్కటీ పగల్లేదు,
కాపలావాడు ఒక్కడూ లోపలికి దూరలేదు.
ఒక్కో గూటి చుట్టూ బూడిదరంగు పొర, పొర మీద పొర,
రాత్రికి రాత్రి లేచిన ప్రహరీలా.
ఎవరూ చంపలేదు.
నిప్పూ నీళ్ళూ పుట్టకుండా చేశారు, అంతే.

డాక్టరు దానికి పొడవాటి పేరేదో చెప్పాడు.
మా నాయనమ్మ చెల్లెలి పక్కన చర్చి బల్ల మీద
ఇరవై ఏళ్ళు ఎవరూ కూర్చోలేదు.
ఒక్కరూ ఆమెను ఒక్క మాటా అనలేదు.

మొన్న ఇహాయా గోనెడు ఆల్చిప్పలు పంపాడు.
చీటీ మీద: పద్నాలుగో నెంబరుకి.
బయటి తిండి లోపలికి పోకూడదు.
గేటు ఇవతల, వానలో, బూట్లు మార్చకముందే
దాని వాటా కూడా నేనే తిన్నాను.

తర్వాత రెండుసార్లు స్నానం చేసి వెళ్ళాను.
నా వేళ్ళను అది చాలాసేపు వాసన చూసింది.